పక్షుల పుస్తకాన్ని కత్తిరించకండి: ‘జేన్ ఎయిర్’ దిగులు గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గోథిక్ నవలల (భయాలూ రహస్యాలతో నడిచే పాత ఇంగ్లీషు నవలల) నాయికల మీద వచ్చిన వ్యాసమూ, దాని కిందే షార్లట్ బ్రాంటీ నవల ‘జేన్ ఎయిర్’ని కుదించి ధారావాహికగా వేస్తామన్న ప్రకటనా చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ నవల తెలుగులో వారం వారం రాబోతోందంటే చెన్నైలో ఉన్న మాలాంటి పాఠకులకు సంతోషమే. ఇక్కడ మన పిల్లల్లో చాలామందికి బళ్ళో తెలుగు ఉండదు, ఇంట్లో నేర్చుకున్నదే. వాళ్ళు తెలుగులో ఒక పెద్ద నవల చదవడానికి దినపత్రిక మంచి దారి. అందుకే ఏది ఉంచుతారు, ఏది తీసేస్తారు అన్నది నాకు చిన్న విషయంగా తోచడం లేదు.

వ్యాసకర్త జేన్‌ని ‘దుఃఖానికి పీట వేసి కూర్చోబెట్టే పిల్ల’ అన్నారు. ఓడ మునక, శ్మశానం, మంచు ఎడారి, తుపాను గాలి, గుట్టు దాచుకున్న మగవాడు, ఎక్కడ కీడు కనబడితే అక్కడికే ఆమె మనసు పరిగెడుతుందన్నారు. ఇంతవరకూ నిజమే. ఆ తర్వాత, ఇది చిన్నతనంలో పడ్డ దెబ్బల వల్ల పట్టుకున్న రోగమనీ, ఆడపిల్లలకు ఇలాంటి నవలలు ఇవ్వకపోవడమే మంచిదనీ తేల్చేశారు. దీనికి నవలే ఒప్పుకోదు. 1847 అక్టోబరులో మూడు సంపుటాలుగా వచ్చిన ఆ పుస్తకంలో, దిగులు మీద ఆ మక్కువ ఎప్పుడు పుడుతుందో, దేనితో బతుకుతుందో, ఏది తగిలితే ఆరిపోతుందో షార్లట్ బ్రాంటీ ఎంతో లెక్కగా చూపించింది. కుదించేవాళ్ళు సాధారణంగా మొదట కోసేది ఆ లెక్క ఉన్న పేజీలనే. కథ నడవడం లేదు కదా అని తీసేస్తారు. అవి పోయాక మిగిలేది అనాథ పిల్ల, క్రూరమైన మేనమామ భార్య, అగ్నిప్రమాదం, పెళ్ళి. అప్పుడు వ్యాసకర్త చెప్పిన జేనే నిజమైన జేన్ అయి కూర్చుంటుంది.

మొదటి అధ్యాయం చూడండి. నవంబరు నెల, చలిగాలి, వాన. పదేళ్ళ జేన్ పుస్తకాల బీరువాలోంచి బొమ్మలున్న పుస్తకం ఏరుకుని, కిటికీ గట్టెక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎర్రటి తెరను దాదాపుగా మూసేసుకుంటుంది. కుడివైపు తెర మడతలు అడ్డం. ఎడమవైపు కిటికీ అద్దాలు. ఆ అద్దాలు తనను కాపాడుతున్నాయిగాని బయటి నవంబరు నుంచి విడదీయడం లేదని ఆమే చెబుతుంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుంటే నవలంతా చేతికొస్తుంది. బయటి ఉపద్రవం కంటికి ఆనాలి, ఒంటికి తగలకూడదు. ఈ రెండూ కుదిరినప్పుడే జేన్‌కి దిగులు రుచిస్తుంది.

ఆమె చేతిలోని పుస్తకం కల్పన కాదు. న్యూకాజిల్‌కి చెందిన థామస్ బ్యూవిక్ వేసిన బ్రిటిష్ పక్షుల చరిత్ర అది. నేల పక్షుల సంపుటం 1797లో, నీటి పక్షుల సంపుటం 1804లో వచ్చాయి. సముద్ర పక్షులుండే తావుల గురించి జేన్ చదువుతోంది కాబట్టి ఆమె దగ్గర ఉన్నది రెండోదని తెలుస్తుంది. బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కను నారకు అడ్డంగా కోసి, ఆ ముఖం మీద సన్నని పనిముట్లతో చెక్కి అచ్చువేసిన బొమ్మలవి. అందుకే అరచేతిలో ఇమిడే బొమ్మలో కూడా నురగ, మబ్బు, రాయి విడివిడిగా కనబడతాయి. పక్షుల వివరణ ముగిసిన చోట, పేజీ అడుగున మిగిలిన ఖాళీలో బ్యూవిక్ పక్షులతో సంబంధం లేని చిన్న బొమ్మలు వేశాడు. జేన్ చూసేది వాటినే. నురగల మధ్య ఒంటరిగా నిలబడ్డ బండ, పాడుబడ్డ తీరాన విరిగిన పడవ, మబ్బు చారల సందులోంచి మునిగిపోతున్న ఓడను చూస్తున్న చందమామ, రెండు చెట్లూ కూలిన గోడా ఉన్న సమాధుల తోట, గాలి లేక కదలని రెండు ఓడలు. వాటితో పాటు లాప్లాండ్, సైబీరియా, స్పిట్స్‌బర్గెన్, గ్రీన్‌లాండ్ అన్న పేర్లు చదివి, చావులా తెల్లగా ఉండే ఆ దేశాల గురించి తన బుర్రలో తనే ఒక ఊహ కట్టుకుంటుంది.

ఆ వరసలోనే ఇంకో రెండు బొమ్మలున్నాయి. దొంగ వీపు మీది మూటను వెనకనుంచి అదిమిపట్టిన పిశాచం ఒకటి. దూరాన ఉరికంబం చుట్టూ మూగిన జనాన్ని బండ మీద విడిగా కూర్చుని చూస్తున్న కొమ్ముల నల్లటి ఆకారం రెండోది. మొదటిదాన్ని ఆమె గబుక్కున తిప్పేస్తుంది, రెండోది కూడా తనకు భయమేనంటుంది. కీడు మీద మోజు రోగంగా ఉన్న పిల్ల పేజీ తిప్పదు. గోథిక్ నవలలు రాసిన ఆన్ రాడ్‌క్లిఫ్ చనిపోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో ఒక తేడా చెప్పింది: మనసును విప్పి లేపే భయం వేరు, మనసును ముడిచి గడ్డకట్టించే జుగుప్స వేరు. పదేళ్ళ జేన్ ఆ తేడా తెలిసి చదువుతోంది.

మోకాలి మీద ఆ పుస్తకం ఉన్నంతసేపూ తన తీరులో తాను సంతోషంగా ఉన్నాననీ, మధ్యలో ఎవరైనా అడ్డొస్తారేమోనన్నదొక్కటే భయమనీ అంటుంది జేన్. మన ఆలంకారికులు చదివినవాళ్ళకు ఇది వెంటనే తగులుతుంది. అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలు లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం. అసలు రసం కరుణమొక్కటేనని భవభూతి చేత అనిపించుకున్న సాహిత్యం మనది, 1925లో కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ వస్తే తలకెత్తుకున్న భాష మనది. దిగులులో రుచి ఉంటుందని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ రుచికి షరతులున్నాయన్నది కూడా మనకు పాత సంగతే. జేన్ కథలో ఆ విఘ్నం పద్నాలుగేళ్ళ జాన్ రీడ్ రూపంలో వస్తుంది. పుస్తకం లాక్కుని ఆమె మీదికే విసురుతాడు. ఆమె పడి, తల తలుపుకు కొట్టుకుని రక్తం కారుతుంది. తిరగబడ్డందుకు మేనమామ చనిపోయిన ఎర్రగదిలో పెట్టి తాళం వేస్తారు. అక్కడ నిలువుటద్దం ఉన్నా, తెరలున్నా, కిటికీ గట్టు మీదిలా కాపాడేదేదీ లేదు, చేతిలో పేజీ లేదు. భయంతో కేకపెట్టి స్పృహ తప్పుతుంది.

కుదించేవాళ్ళు ఎర్రగదిని ఎప్పుడూ వదలరు, నాటకీయంగా ఉంటుంది గనుక. మూడో అధ్యాయంలో దాని తరవాతి రోజును మాత్రం వదిలేస్తారు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా విలువైన చోటు అది. బెస్సీ అనే పనిమనిషి ఒక టార్ట్ తెస్తుంది. స్వర్గపక్షి బొమ్మ ఉన్న పింగాణీ పళ్ళెంలో తెస్తుంది. ఆ పళ్ళాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూస్తానని జేన్ ఎన్నోసార్లు అడిగినా అదివరకు ఇచ్చినవాళ్ళు లేరు. ఇవాళ అది ఒళ్ళో ఉంది, తినబుద్ధి కాదు, రంగులు వెలిసిపోయినట్టుంటాయి. పుస్తకం కావాలా అంటే ‘గలివర్ యాత్రలు’ అడుగుతుంది. ఎన్నిసార్లు చదివినా తనివి తీరని పుస్తకం. ఇప్పుడు తెరిస్తే రాక్షసులు బక్కచిక్కిన దయ్యాల్లా, మరుగుజ్జులు పగబట్టిన పిశాచాల్లా, గలివర్ దిక్కులేక తిరిగే మనిషిలా కనబడతారు. ఇక చదివే ధైర్యం లేక పుస్తకం మూసి, ముట్టని టార్ట్ పక్కన పెట్టేస్తుంది. దుఃఖాన్ని కోరుకునే పిల్లే అయితే ఆ పూట గలివర్ ఇంకా తీయగా ఉండాలి కదా. సొంత బాధ లోపలికి వచ్చిన క్షణాన కథలోని బాధ రుచి పోయింది. అభినవగుప్తుడు చెప్పిన విఘ్నాన్ని ఇంత కచ్చితంగా ఒక పళ్ళెంలో పెట్టి చూపించిన నవల నేను ఇంకొకటి ఎరగను.

వ్యాసకర్త దగ్గర ఆధారంగా నిలిచేది ఆరో అధ్యాయం. లోవుడ్ బడిలో, మంచు కురిసే జనవరి సాయంత్రం, పిల్లలు లోపల గోల చేస్తుంటే జేన్ కిటికీ దగ్గరికి పోయి చెవి ఆనించి బయట గాలి ఏడుపు వింటుంది. గాలి ఇంకా ఊళ పెట్టాలి, మసక చీకటి కావాలి, ఈ గోల పెద్ద గందరగోళం కావాలి అని కోరుకుంటుంది. నిజమే, ఉపద్రవాన్ని పిలవడమే ఇది. అయితే ఎందుకు కోరుకుందో ఆ వాక్యంలోనే చెప్పింది. మంచి ఇల్లూ దయగల అమ్మానాన్నలూ విడిచి వచ్చి ఉంటే ఈ వేళ ఆ ఎడబాటు తనను కోసేదనీ, ఆ గాలి తనకు దిగులు తెచ్చేదనీ, అవేవీ లేవు గనుక వింత ఉద్రేకం కలిగిందనీ అంటుంది. తుపాను హెచ్చరిక ఎగరేసినా అలలు చూడ్డానికి మెరీనాకి పోయేవాళ్ళుంటారు. వేళచ్చేరిలో పల్లపు వీధిన కింది వాటాలో కాపురమున్నవాళ్ళు గాలి ఇంకొంచెం పెరిగితే బాగుండునని అనుకోరు. పోగొట్టుకోవడానికి జేన్‌కి ఆ కింది వాటా కూడా లేదు. ఇంకో చిన్న వివరం ఆ పేరాకి కాస్త ముందే ఉంది: సాయంత్రం అయిదింటికి తిన్న రొట్టెముక్క, తాగిన కాఫీ ఆకలి తీర్చకపోయినా ప్రాణం నిలబెట్టాయి. ముందు అంత రొట్టె, కిటికీ అద్దం, ఆ తర్వాతే గాలిని పిలవడం. కుదింపులో ‘గాలి ఇంకా వీచాలని కోరుకుంది’ అన్న వాక్యం ఒక్కటీ ఉంచి కారణాన్నీ రొట్టెనీ తీసేస్తే, జేన్ నిజంగానే పిచ్చిదానిలా ఉంటుంది.

తొమ్మిదో అధ్యాయంలో టైఫస్ వస్తుంది. ఎనభై మంది పిల్లల్లో నలభై అయిదుగురు ఒకేసారి మంచం పడతారు. అసలైన ఉపద్రవం వచ్చింది కాబట్టి ఇక జేన్ మనసు అక్కడే తిరుగుతుందనుకుంటాం. తిరగదు. జబ్బు పడనివాళ్ళను అడవిలో తిరగనిచ్చారనీ, తినేవాళ్ళు తగ్గడంతో గిన్నెల్లో జావ పెరిగిందనీ, వాగులో రాయి మీద కూర్చుని కబుర్లాడామనీ దాచకుండా రాస్తుంది. మనిషి మనసును ఇంత నిజాయితీగా చెప్పే పేజీ ఇది. సంక్షిప్తాల్లో మాత్రం జేన్ నేస్తం హెలెన్ బర్న్స్ చావు కన్నీళ్ళే మిగులుతాయి.

ఎనిమిదేళ్ళ తర్వాత, పదమూడో అధ్యాయంలో, జేన్ పంతులమ్మగా చేరిన ఇంటి యజమాని రోచెస్టర్ ఆమె బొమ్మల అట్ట తెప్పించుకుని మూడు నీటిరంగుల బొమ్మలు విడిగా తీస్తాడు. ఒకదానిలో ఉబ్బిన సముద్రం, సగం మునిగిన తెరచాప కొయ్య, దాని మీద పెద్ద నల్లటి నీటికాకి, ముక్కున రాళ్ళు పొదిగిన బంగారు కంకణం. కింద పచ్చటి నీళ్ళలో మునిగిపోతున్న శవం. స్పష్టంగా కనబడేది ఒక్క తెల్లని చెయ్యి, కంకణం జారిపోయిందో ఎవరు లాగేశారో తెలియని చెయ్యి. రెండోది కొండ శిఖరం పైన ఆకాశంలో, నుదుట చుక్క పెట్టుకుని తేలే స్త్రీ రూపం. మూడోది ధ్రువపు చలికాలపు ఆకాశాన్ని పొడిచే మంచుకొండ, దాని మీద వాలిన బ్రహ్మాండమైన తల. కిటికీ గట్టు మీద చూసిన ఓడ మునకా నీటిపక్షీ మంచు దేశాలూ ఇవేనని, మొదటి అధ్యాయం చదివినవాళ్ళు వెంటనే పోల్చుకుంటారు. అది తీసేసిన ప్రతిలో ఈ బొమ్మలు ఎక్కడినుంచో ఊడిపడ్డట్టుంటాయి. ఇవి వేసేటప్పుడు సంతోషంగా ఉన్నావా అని రోచెస్టర్ సూటిగా అడుగుతాడు. మునిగిపోయాను, అవును, సంతోషంగానే ఉన్నాను, నా బతుకులోని గొప్ప సుఖాల్లో అదొకటి అంటుంది. అదే ఊపున తన ఊహకూ చేతిపనికీ ఉన్న దూరం తనను బాధపెట్టిందని కూడా అంటుంది. వేసవి సెలవుల్లో పొద్దున మొదలుపెట్టి రాత్రి దాకా కూర్చుని వేసిన మనిషి మాట ఇది. ఆ దూరం గురించి బాధపడేవాళ్ళు పనితనమున్నవాళ్ళు.

వ్యాసకర్త రాడ్‌క్లిఫ్ ‘ఉడాల్ఫో రహస్యాలు’ (1794) నాయిక ఎమిలీని, జేన్‌ని ఒకే గాటన కట్టారు. ఎమిలీకి అతి సున్నితం వద్దని చెప్పి పోవడానికి ఒక తండ్రి ఉన్నాడు. ఆమె నల్లటి తెర ఎత్తి చూసి మూర్ఛపోతుంది, తెర వెనక ఉన్నది మైనపు బొమ్మ అని మనకు తెలిసేది పుస్తకం చివర్లో. ఎవరో దాచిన భయానకాన్ని ఎమిలీ చూస్తుంది. జేన్ తనే గీస్తుంది. రెండూ ఒకటి కావు.

ప్రమాదం నిజంగా మొదలయ్యేది ఆ మక్కువ బొమ్మ మీదనుంచి మనిషి మీదికి మారినప్పుడు. పద్దెనిమిదో అధ్యాయం చూడండి. రోచెస్టర్ కళ్ళలో అప్పుడప్పుడు తెరుచుకుని మూసుకునే ఏదో ఒకటి, అగ్నిపర్వతాల్లాంటి కొండల్లో నడుస్తుంటే కాళ్ళకింద నేల అదిరి నోరు తెరిచినట్టు అదివరకు తనను భయపెట్టేదంటుంది. ఇప్పుడు తప్పించుకోవాలని లేదు, తెగించి దాని లోతు కనిపెట్టాలని ఉంది. అంతేకాదు, అతన్ని పెళ్ళాడబోతుందనుకున్న మిస్ ఇంగ్రామ్ అదృష్టవంతురాలట, ఆ అగాధాన్ని తీరిగ్గా తొంగిచూడొచ్చు గనుక. గోథిక్ నవలల్లో నాయికకు కీడు మీద ఉండే లాగుడును ఇంతకన్నా సూటిగా చెప్పిన పేరా అరుదు. అమ్మాయిలకు ఈ నవల ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఈ పేరా దగ్గర మొదలవ్వాలి. ముఖం ముడుచుకుని రహస్యం దాచుకున్న మగవాణ్ణి పుస్తకంలా చదవొచ్చనుకోవడమే జేన్ పొరపాటు. మనిషికి కిటికీ అద్దం ఉండదు. ఆ పొరపాటు ఖరీదు నవల దాచదు, పైసాతో సహా లెక్క చెబుతుంది. కాబట్టి ఇవ్వాలనే నా అభిప్రాయం, ఈ పేరాతో సహా.

ఆ ఖరీదును నీటి భాషలో చెప్పడం బ్రాంటీ పనితనం. మూడు సంపుటాల్లో మొదటిది 15వ అధ్యాయంతో, రెండోది 26తో ముగుస్తాయి. రోచెస్టర్ పడక అంటుకున్న మంటల రాత్రి తర్వాత మొదటి సంపుటం చివర జేన్ తెల్లవార్లూ తేలే సముద్రం మీద ఊగుతుంది, కష్టపు అలల మీద సంతోషపు కెరటాలు. అతనికి అప్పటికే భార్య ఉందని తెలిసి వాళ్ళ పెళ్ళి ఆగిపోయాక రెండో సంపుటం చివర బైబిలు కీర్తనలోని మాటలతో వరదలు ఆమెను ముంచేస్తాయి. దానికి కాస్త ముందు, నడివేసవిలో డిసెంబరు మంచు కురిసిందనీ, పండిన ఆపిళ్ళ మీద మంచు పేరుకుందనీ అంటుంది. చిన్నప్పుడు పేజీ మీద చూసిన మంచు దేశమూ మునిగే ఓడా ఇప్పుడు లోపలికి వచ్చేశాయి. అప్పటి పాఠకుడు ఒక్కో సంపుటం మూసేటప్పుడు నీళ్ళలోనే ఉంటాడు. ధారావాహిక వేసే పత్రికకు ఇంతకన్నా మంచి ఆగే చోట్లు దొరకవు.

ఇక 28వ అధ్యాయం. రోచెస్టర్ ఇల్లు విడిచిన జేన్ దగ్గర ఇరవై షిల్లింగులున్నాయి. బండివాడు ముప్ఫై అడిగి, ఉన్నదంతా తీసుకుని ఎక్కించుకుంటాడు. రెండు రోజుల ప్రయాణం తర్వాత నాలుగు దారులు కలిసే విట్‌క్రాస్ అన్న రాతి స్తంభం దగ్గర దింపేస్తాడు. బట్టల మూట బండిలోనే మరిచిపోతుంది. బంజరు నేల మీద రాత్రి, అడవిపళ్ళు, మిగిలిన రొట్టెముక్క. ఊళ్ళోకి పోయి మెడకు కట్టుకున్న పట్టు రుమాలు ఇస్తాను, రొట్టె ఇమ్మంటే కొట్టామె ఒప్పుకోదు. చేతి తొడుగులు ఇస్తానంటే అవి నాకెందుకంటుంది. చివరికి ఒక చిన్నపిల్ల పంది తొట్టిలో పొయ్యబోతున్న చల్లారిన జావ అడిగి తింటుంది. చందమామా లేదు, దయ్యమూ లేదు, నీటికాకీ లేదు. ధరలు, రొట్టె, కాళ్ళ నొప్పి మాత్రమే. వ్యాసకర్తకు నేరుగా జవాబు ఇక్కడే ఉంది: గడిచిన బాధను తలుచుకోవడంలో సుఖముంటుందని కొందరంటారు, నాకు మాత్రం ఇవాళ్టికీ ఆ రోజులు తలుచుకోవడమే భరించరానిది అని పాఠకుడితో జేన్ అంటుంది. దిగులు మీద మక్కువ గలిగిన మనిషి, ఆ మక్కువకు హద్దు ఎక్కడో తన నోటితో చెప్పిన వాక్యమిది. కుదింపులో దీన్ని వదిలేస్తే మిగతా అంతా వృథా.

ఆ ఆకలి రోజుల చివర జేన్‌కి ఆశ్రయమిచ్చిన పాదిరి సెయింట్ జాన్ రివర్స్ సంగతి త్వరగా చెబుతాను. మతప్రచారానికి ఇండియా పోతూ, భార్యగా వెంట రమ్మంటాడు, హిందుస్తానీ నేర్పిస్తాడు. ఇండియా పోతే అకాల మరణం దిక్కే పోతానని 34వ అధ్యాయంలో తెలిసి కూడా ఆమె దాదాపు లొంగుతుంది. అతని ఇష్టమనే వరదలో పడి కొట్టుకుపోవాలనిపించిందని 35లో ఒప్పుకుంటుంది. ఈసారి లాగే ఉపద్రవం పేరు త్యాగం. రోచెస్టర్ చీకటి కన్నా ఇది ప్రమాదకరమని నా నమ్మకం, ఎందుకంటే చుట్టుపక్కలవాళ్ళు దీన్ని మెచ్చుకుంటారు. కుదించే ప్రతుల్లో సెయింట్ జాన్ ఒట్టి నసమనిషి అయిపోతాడు. అలా చెయ్యకండి.

నవల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది, అదీ చెప్పాలి. జేన్‌కి దక్కిన అద్దం, తెర, పుస్తకం, రంగులు రోచెస్టర్ మొదటి భార్య బెర్తా మేసన్‌కి దక్కలేదు. జమైకా నుంచి తెచ్చి మూడో అంతస్తులో బంధించిన ఆ మనిషి దిగులును వినడానికి నవల ఒక్క పేజీ ఇవ్వలేదు. ఆమె మంటల మధ్య పైకప్పు మీదనుంచి దూకి చనిపోయిన సంగతి 36లో సత్రం యజమాని నోట కథలా విని, జేన్ అసలు రోచెస్టర్ ఏమయ్యాడా అని ఆత్రపడుతుంది. ఇంకో మనిషి సర్వనాశనం జేన్‌కి మళ్ళీ అద్దం వెనక దృశ్యమైపోయింది. జీన్ రిస్ 1966లో బెర్తా వైపునుంచి నవల రాయాల్సి వచ్చింది. మీ ధారావాహికకు ముందుమాట వేస్తే ఈ లోటు గురించి పిల్లలకు రెండు మాటలు చెప్పండి.

ఇక పని సంగతి. మూలం 38 అధ్యాయాలు, సుమారు 1,85,000 మాటలు. వారానికి 1,200 మాటల చొప్పున 30 వారాలు వేస్తే 36,000, అంటే ఐదో వంతు. తెలుగులో మాటలు కలిసిపోతాయి గనుక నాలుగో వంతు కథ పట్టొచ్చు. కోత తప్పదు. 17, 18 అధ్యాయాల్లోని విందు, దుస్తులు, మూకాభినయం ఆటలు ఒక వారానికి కుదించండి, అగాధం పేరా మాత్రం యథాతథంగా ఉంచండి. మేనమామ ఇల్లు గేట్స్‌హెడ్‌కి మళ్ళీ పోయే 21, 22 సగం చెయ్యొచ్చు. 30 నుంచి 33 దాకా, 20,000 పౌండ్ల ఆస్తి నలుగురికీ 5,000 చొప్పున పంచే సంగతితో సహా, రెండు వారాల్లో చెప్పొచ్చు. కిటికీ గట్టు, టార్ట్ పళ్ళెం, ఆరో అధ్యాయపు గాలి, మూడు బొమ్మలు, 15, 26 అధ్యాయాల చివరి పేరాలు, 28వ అధ్యాయం మాత్రం ముట్టుకోకండి. 

‘నేను’ను ‘ఆమె’గా మార్చకండి. కుదించేవాళ్ళు తరచూ చేసే పని ఇది, స్థలం కలిసొస్తుందని. పెళ్ళయిన పదేళ్ళ తర్వాత కూర్చుని రాస్తున్న జేన్ గొంతు అది. రుచి ఎక్కడ ఉందో, ఎక్కడ పోయిందో కొలిచి చెప్పేది ఆ పెద్ద జేనే. ‘ఆమె’ అనగానే ఆ కొలిచే మనిషి మాయమై, ప్రతి వాక్యానికీ ‘పాపం’ తోకలా వచ్చి చేరుతుంది. ఎర్రగదితో మొదలుపెట్టి తర్వాత వెనక్కి వెళ్ళే పద్ధతి కూడా వద్దు. సంతోషం ముందు, భయం తర్వాత, అదే వరస. చిత్రకారులకు మేడ వెనక మెరుపు వెయ్యమని చెప్పే బదులు, ఆ మూడు నీటిరంగుల బొమ్మల వర్ణన పూర్తిగా చదివి వినిపించండి. కంకణం ఎక్కడుందో, చెయ్యి ఎక్కడుందో, వెలుగు దేని మీద పడిందో బ్రాంటీ చెప్పే ఉంచింది.

28వ అధ్యాయాన్ని ఒక్క వారంలో ముగించకుండా విడగొట్టమని నా విన్నపం. రుమాలూ చేతి తొడుగులూ తీసుకోకుండా కొట్టామె పంపేసిన చోట ఒక వారం ఆపండి. ఆ వారమే రివర్స్ కుటుంబం తలుపు తెరిచి లోపలికి తీసుకుపోతే, ఆకలి ఒక పేరాలో తీరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మైలాపూరు, చెన్నై